యూరియాకు లైను కట్టినోళ్లం, ఆడబిడ్డల సూదిమందుకు నోరెత్తమా?



మొన్న 2025 వానాకాలంలో యూరియా కోసం మనం పడ్డ పాట్లు ఎవరమూ మరిచిపోలేదు. తెల్లారకముందే పోయి చెప్పులు లైన్లో పెట్టి, పాసుపుస్తకం జిరాక్సు చేతబట్టుకుని గంటలకు గంటలు నిలబడ్డాం. చివరికి ఒకటో రెండో కట్టలు. అవీ అందరికీ అందలా. "స్టాకు రాలేదు, రేపు రండి" అన్నప్పుడు ఒళ్లు ఎట్టా మండిందో మనకు తెలుసు. ఎందుకంటే పైరుకు రేపు అనేది లేదు. చిరుపొట్ట దశలో వేయాల్సిన మందు కోతప్పుడు వేస్తే ఏం లాభం?

ఇవాళ నేను రాసేది కూడా స్టాకు సంగతే. కాకపోతే ఎరువు స్టాకు కాదు. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం పెట్టుకోడానికి ఆడవాళ్లు వాడే మందుల స్టాకు. మూడు నెలలకోసారి వేసే అంతర సూది, వారానికోసారి మింగే ఛాయ మాత్ర, రోజూ మింగే మాలా-ఎన్, కాపర్-టీ, మగాళ్లకు నిరోధ్. ఇవన్నీ సర్కారు ఉచితంగా ఇచ్చేవి. మన ఆరోగ్య కేంద్రంలో ఎప్పుడు పోయినా ఉండాల్సినవి. ఉంటున్నాయా లేదా అని మనలో ఒక్కరన్నా ఎప్పుడన్నా అడిగామా?

"మిరప రేటు, నల్లతామర, కాలువ నీళ్లు రాసుకునేవాడివి, ఈ గోల నీకెందుకయ్యా" అంటారని తెలుసు. చివరిదాకా చదివి అప్పుడనండి.

మన పల్నాడు, గుంటూరు వైపు మిరపకోతలు ఊళ్లో మనుషులతో తెమిలేవి కావు. సంక్రాంతి దాటిందంటే కర్నూలు పడమటి నుంచి, ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపునుంచి ముఠాలు దిగాల్సిందే. మొగుడూ పెళ్లాం, చంకలో బిడ్డ, నెత్తిన మూట. చేను గట్టునో ఊరి బయటో పట్టలతో గుడారాలు వేసుకుని రెండు మూడు నెలలు ఇక్కడే బతుకుతారు. వాళ్లు రాకపోతే మన కాయ చెట్టు మీదే ఎండి రాలిపోద్ది. ఇది మనకందరికీ తెలిసిన నిజం.

కొన్నేళ్ల కింద మా చేలో కోతకు వచ్చిన ముఠాలో ఒక అమ్మాయి ఉండేది. పేరు రాయను. ఇరవై రెండేళ్లుంటాయి. అప్పటికే ఇద్దరు పిల్లలు, చిన్నోడికి ఇంకా ఏడాది నిండలా. ఒక సాయంత్రం మా ఆవిడ దగ్గరకొచ్చి, కొంగులో ముడేసుకున్న కార్డు ఒకటి తీసి చూపించింది.

"అక్కా, ఈ సూది తేదీ వచ్చేసింది. ఈడ యాడ ఏస్తారో చెప్పక్కా" అంది.

అది అంతర కార్డు. వాళ్ల ఊరి వైపు ఆరోగ్య కేంద్రంలో నవంబరు మొదట్లో సూది వేయించుకుంది. మూడు నెలలు అయ్యేసరికి మన చేలో ఉంది. ఇంకో రెండేళ్లు ఆగి మూడో బిడ్డ సంగతి చూసుకుందామని మొగుడూ పెళ్లాం అనుకున్నారంట. ఎంత తెలివైన ఆలోచనో చూడండి. చదువుకున్నోళ్లు కూడా ఇంత ముందుచూపుగా ఉండరు.

మర్నాడు సగం రోజు కోత పోగొట్టుకుని, మా ఆవిడను తోడు తీసుకుని దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి పోయింది. "మీరు ఈ ఊరోళ్లు కాదుగా తల్లీ, మాకొచ్చేదే కొద్ది, ఉన్నోళ్లకే అయిపోయింది. వచ్చే వారం కనుక్కోండి" అన్నారు. వచ్చే వారం పోతే స్టాకు రాలేదన్నారు. మూడోసారి పోతానంటే మేస్త్రి ఊరుకోలా.

నేనూ ఊరుకోలా. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నా. ఆ రోజు మబ్బు పట్టి ఉంది. కల్లంలో కాయ ఆరబోసి ఉంది, చేలో పండుకాయ చెట్ల మీదే ఉంది. "రేపు మాపు పోవచ్చులే, ముందు ఈ మడి తెమలనీండి" అన్నది నేనే. ఆ అమ్మాయి ఎందుకు పోతానంటుందో అప్పటికి నాకు తెలియదు. రాత్రి మా ఆవిడ చెప్పింది. తెలిసినాక కూడా తెల్లారి నేను బండి తీయలా. అదే మా బర్రెకు జబ్బు చేస్తే ఆ రాత్రే పశువుల డాక్టరు ఇంటి ముందు ఉండేవాణ్ణి.

ఇక్కడ ఒక సంగతి అందరికీ తెలియాలి. అంతర సూది తేదీ దాటినా నాలుగు వారాల లోపల వేయించుకోవచ్చు. అంటే ఆ అమ్మాయికి ఇంకో నెల గడువుంది. ఆ నెల మొత్తం మన ఊళ్లోనే ఉంది. నెల రోజుల్లో ఒక్క డోసు మన మండలం దాకా రాలేకపోయింది. కోతలైపోయి ఊరికి పోయేసరికి గడువు దాటింది. గడువు దాటితే కడుపు లేదని మళ్లీ పరీక్ష చేసి నిర్ధారించుకోవాలి. "డాక్టరు ఉన్న రోజు రా" అన్నారంట. ఆ రోజుకి ఆమె ఇంకో పనికి పోయుంది.

మరుసటేడు అదే ముఠా వచ్చింది, ఆ అమ్మాయి రాలా. అడిగితే "నెలలు నిండినాయి, కదల్లేదు" అన్నారు. ఆ పై ఏడు వచ్చింది. పట్ట కింద ఉయ్యాల్లో మూడో బిడ్డ. మనిషి సగమైపోయింది. కాన్పయినాక ఆపరేషన్ చేయించుకుందంట. "ఇంక ఆ సూదుల ఎంబడి తిరగలేను అక్కా" అందంట మా ఆవిడతో.

ఆ మాట నన్ను వదలడం లేదు. అందుకే ఈ పోస్టు.

ఇప్పుడు తప్పు ఎవరిది? మనోళ్లు ఠక్కున ఏఎన్‌ఎమ్మును తిడతారు. నేను తిట్టను. అల్మారాలో లేని మందు ఆమె ఎక్కణ్ణుంచి తెచ్చిస్తుంది? యూరియా రానప్పుడు కౌంటరులో కూర్చున్న కుర్రాణ్ణి మనం ఎట్టా తిట్టామో, అదీ అంతే. వాడి చేతిలో ఏముంది?

అసలు ఈ మందు ఎట్టా వస్తుందో చూద్దాం. కొనేది కేంద్ర ప్రభుత్వం. అక్కణ్ణుంచి రాష్ట్రం గోడౌనుకు, రాష్ట్రం నుంచి జిల్లా స్టోరుకు, జిల్లా నుంచి పీహెచ్‌సీకి, పీహెచ్‌సీ నుంచి ఊళ్లో ఉన్న సబ్‌సెంటరుకు, అక్కణ్ణుంచి ఆశా సంచిలోకి. మాత్రలు, నిరోధ్ ఆశా కార్యకర్తే ఇంటికి తెచ్చిచ్చే పథకం 2011లోనే మొదలైంది. అంతర, ఛాయ సర్కారు ఆసుపత్రుల్లోకి 2017లో వచ్చాయి. ఆ ఏడే ఈ స్టాకుల లెక్క కోసం దేశమంతటికీ ఒక కంప్యూటర్ వ్యవస్థ పెట్టారు. ఎఫ్‌పీ-ఎల్‌ఎంఐఎస్ అంటారు దాన్ని. ఎక్కడ ఎంత ఉంది, ఎవరికి ఎంత కావాలి అన్నది ఫోన్లోనే చూసి ఇండెంటు పెట్టడానికే అది.

అంటే మందు ఉంది, డబ్బు ఉంది, మనుషులు ఉన్నారు, కంప్యూటరు కూడా ఉంది. మరి ఎక్కడ తెగుతోంది?

మన సాగర్ కాలువ తీరే ఇదీ. హెడ్ రెగ్యులేటర్ దగ్గర నిలబడి చూస్తే కాలువ నిండుగా పోతా ఉంటుంది. కాగితాల్లో ఇన్ని క్యూసెక్కులు వదిలామని రాస్తారు. టైలెండ్ భూమికి చుక్క రాదు. పై మేజర్లో ఎంత వదిలారన్నది లెక్క కాదు, చివరి బోదెలో ఎంత పారిందన్నదే లెక్క. సూదిమందులోనూ జిల్లా స్టోరులో ఎన్ని డబ్బాలున్నాయన్నది ఆ అమ్మాయికి అనవసరం. ఆమె పోయిన రోజున ఆ అల్మారాలో ఒక్కటి ఉందా లేదా అన్నదే కావాలి.

ఇంకో పెద్ద తిరకాసు ఉంది. ఇది కొంచెం నిదానంగా చదవండి, అసలు రోగం ఇక్కడే ఉంది. కింద కేంద్రాలకు ఎంత పంపాలన్నది చాలావరకు "గతంలో ఎంత వాడారు" అన్న లెక్క మీద నడుస్తుంది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ స్టాకే లేనప్పుడు వాడకం ఎట్టా ఉంటుంది?

లెక్కకు అనుకుందాం. ఒక కేంద్రం కింద 20 మంది అంతర వేయించుకుంటున్నారు. మూడు నెలలకు 20 డోసులు కావాలి, నెలకు సుమారు 7. మూడు నెలల్లో ఒక్క నెలే స్టాకు ఉంది, రెండు నెలలు ఖాళీ. ఆ నెలలో వచ్చిన 7 మందికి వేశారు, మిగతా 13 మంది ఉత్త చేతులతో తిరిగిపోయారు. ఇప్పుడు రిజిస్టరులో ఏం కనపడుద్ది? "మూడు నెలల వాడకం 7." ఇండెంటు కూడా 7కే పోతుంది. తిరిగిపోయిన 13 మందిని ఏ రిజిస్టరులోనూ రాయరు. రెండు విడతలు ఇట్టా జరిగితే పైనున్నోళ్లు అనేది ఒకటే మాట: "ఆ ఏరియాలో డిమాండు లేదండీ."

డిమాండు లేక కాదు. మీరు పంపక. పోయిన సీజన్లో యూరియా ఇవ్వకుండా, "మీ ఊళ్లో పోయినసారి అమ్మకం తక్కువ, అందుకే ఈసారి తక్కువ పంపాం" అంటే మనం ఊరుకుంటామా? రోడ్డెక్కుతాం. ఆ 13 మంది రోడ్డెక్కలేరు. ఎక్కితే ఊరంతా ఏమంటుందో వాళ్లకు తెలుసు. ఈ సంగతిలో వాళ్ల సిగ్గే సర్కారుకు రక్షణ.

లెక్క సరిచేయడం పెద్ద పని కూడా కాదు. వాడకాన్ని మొత్తం మూడు నెలల మీద పంచకుండా, స్టాకు ఉన్న రోజుల మీదే పంచాలి. 30 రోజుల్లో 7 వాడారు, అంటే మూడు నెలలకు 21 కావాలి. అంతే. ఐదో తరగతి పిల్లోడు చేసే లెక్క. దానికోసం "స్టాకు లేని రోజులు ఎన్ని" అని ఒక గడి నిజాయితీగా నింపాలి. ఆ గడి నింపితే పైన ఎవరో ఒకరు జవాబు చెప్పాలి గదా, అందుకే నింపడం కష్టం.

సరే, స్టాకు లేకపోతే ఏమవుతుంది? ఆడవాళ్లకు ఒకటే దారి మిగులుతుంది. ఆపరేషన్.

2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల లోపు పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి 70 మంది దాకా కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. తెలంగాణలో నూటికి 62 మంది. దేశం మొత్తం మీద అయితే 38 మందే. మరి మాత్రలు, సూదులు, కాపర్-టీ, నిరోధ్? ఆంధ్రలో ఇవన్నీ కలిపినా నూటికి ఒకటి రెండుకు మించవు. దీన్ని చూపించి "కుటుంబ నియంత్రణలో మనం ముందున్నాం" అని ఇన్నేళ్లు గొప్పలు చెప్పుకున్నారు. ఒకటే రకం విత్తనం ఉన్న కొట్టులో అందరూ అదే కొన్నారని, రైతులకు ఆ రకమే ఇష్టమని చెప్పినట్టుంది ఇది.

ఆపరేషన్ చెడ్డదని నేననను. ఇంక పిల్లలు చాలనుకున్న మనిషికి అది మంచి దారే. కానీ మన ఊళ్లల్లో జరిగేదేంది? ఆ సర్వేనే చెబుతోంది, ఆంధ్రలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెళ్లయిపోయింది. పదిహేడుకు పెళ్లి, పద్దెనిమిదికి ఒకటి, ఇరవైకి ఇంకోటి, ఇరవై రెండుకు ఆపరేషన్. రెండు కాన్పుల మధ్య ఒంటికి తేరుకునే టైమే లేదు. మన రాష్ట్రంలో ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తం తక్కువ. ఒక కాన్పయినాక మళ్లీ కడుపు రావడానికి కనీసం రెండేళ్లు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అదే పొలంలో రెండో పైరు వేయాలంటే దుక్కి దున్ని, ఎరువేసి, నేలకు ఊపిరి ఇస్తాం. ఇంట్లో ఆడమనిషికి ఆ మాత్రం ఎడం ఇవ్వలేమా? ఎడం ఇచ్చేది ఆపరేషన్ కాదు, అది ముగింపు. ఎడం ఇచ్చేవి ఈ సూదులు, మాత్రలు, కాపర్-టీలే. ముగింపు మందు ఎప్పుడూ దొరుకుద్ది, ఎడం మందే దొరకదు.

ఆ ముగింపు కూడా ఎట్టా చేశారో గుర్తుందా? 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర ఒకే క్యాంపులో 83 మందికి ఆపరేషన్లు చేశారు. పది మందికి పైగా తల్లులు చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు ఈ క్యాంపులు మూడేళ్లలో ఆపేయండని చెప్పింది. అయినా 2022 ఆగస్టులో మన పక్కనే, రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒక్క రోజే 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు. నలుగురూ చిన్న పిల్లల తల్లులే. వాళ్లలో ఎవరికన్నా అంతకుముందు మూడు నెలల సూది గురించి ఎవరైనా చెప్పారో లేదో నాకు తెలియదు. కానీ అల్మారా ఖాళీగా ఉన్నచోట ఎవరూ చెప్పరు. లేని సరుకు గురించి ఏ కొట్టోడు చెబుతాడు?

ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్నలు నాకు తెలుసు.

"మన రాష్ట్రంలో జనం తగ్గిపోతున్నారు, ఎక్కువమందిని కనండని పెద్దలే చెబుతుంటే నువ్వు ఈ మందులు కావాలంటావేంది?" అని. నిజమే, ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను 2024 నవంబరులో మన అసెంబ్లీయే తీసేసింది. నిన్నటిదాకా వద్దు వద్దు అన్నారు, ఇవాళ కనండి కనండి అంటున్నారు. రెండుసార్లూ అడగంది ఎవర్నో తెలుసా? కనే మనిషిని. అయినా ఒక్క నిమిషం ఆలోచించండి. ఇరవై రెండుకే ఆపరేషన్ అయిపోయిన అమ్మాయి ముప్పైలో ఇంకో బిడ్డ కావాలంటే ఏం చేస్తుంది? సూది వేయించుకున్న అమ్మాయి అయితే మానేస్తే చాలు. కొన్ని నెలలు ఆలస్యమైనా కడుపు నిలబడుద్ది. పిల్లలు వద్దన్నా, కావాలన్నా ఆ అల్మారా నిండుగా ఉండాల్సిందే.

"మెడికల్ షాపులో కొనుక్కోవచ్చుగా" అంటారు. కోత కూలి మనిషి, ఊరు కాని ఊళ్లో, మండల కేంద్రం దాకా ఆటోకు డబ్బులు పెట్టుకుని పోయి, పది మంది మగాళ్ల మధ్య నిలబడి అడగాలా? పైగా అంతర మొదలుపెట్టే ముందు డాక్టరు చూడాలి. బాలింతకు ఆరు వారాలు నిండేదాకా వేయకూడదు, కొన్ని జబ్బులున్నోళ్లకు పనికిరాదు. కొట్టు కౌంటరు మీద తేలే పని కాదిది.

"ఆ సూది మంచిది కాదంట, నెలసరి ఆగిపోద్దంట" అంటారు. నెలసరి తేడాలు రావడం నిజమే. కొందరికి మధ్యలో కనపడుద్ది, కొందరికి పూర్తిగా ఆగుద్ది. మానేసినాక కడుపు రావడానికి చివరి సూది నుంచి ఏడు నుంచి పది నెలలు పట్టొచ్చు. ఇవన్నీ ముందే కూర్చోబెట్టి చెప్పాలి. ఇష్టం లేకపోతే ఛాయ ఉంది, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి, పాలిచ్చే తల్లి కూడా వాడొచ్చు. అదీ వద్దంటే కాపర్-టీ. ఏది కావాలో ఆమె తేల్చుకోవాలి. తేల్చుకోవాలంటే అన్నీ అక్కడ ఉండాలి. ఒకటుండి ఇంకోటి లేకపోతే తేల్చేది ఆమె కాదు, ఆ స్టోరు.

చివరి ప్రశ్న: "ఇది ఆడోళ్ల విషయం, మనకెందుకు?" దీనికి మాత్రం గట్టిగా చెబుతా. మన రాష్ట్రంలో ఆపరేషన్ చేయించుకున్న మగాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. కత్తి గాటు లేని ఆపరేషన్, చిన్న పని, ఆడవాళ్లకు చేసేదానికంటే తేలిక. అయినా మనం పోం. "పొలం పనులు చేయలేం" అంటాం. మా ఆవిడకు ఇరవై నాలుగేళ్లప్పుడు ఆపరేషన్ అయింది. నేను చేయించుకుంటానని ఒక్కసారి కూడా నా నోట రాలా. పది రోజులకే ఆమె పొయ్యి దగ్గర, నెలకు పొలంలో ఉంది. పొలం పని ఆమె కూడా చేస్తదని అప్పుడు నాకు గుర్తు రాలేదు. ఇక నిరోధ్ అంటారా, చాలాచోట్ల ఆ డబ్బా ఎండ పడే కిటికీ పక్కన పడి ఉంటుంది. రబ్బరు ఎండకు పాడవుద్దని మనకు తెలియదా? పురుగుమందు డబ్బాను నీడలో దాచుకునే మనం దాన్ని అడగనైనా అడగం.

సరే, తిట్టుకోవడం అయింది. ఏం చేయాలో రాస్తున్నా.

ఒకటి. ఎరువుల కొట్టు ముందు స్టాకు, ధర బోర్డు పెట్టాలని 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వే చెబుతోంది. అట్టాంటి బోర్డే ప్రతి ఆరోగ్య కేంద్రం గోడ మీద పెట్టాలి. అంతర ఎన్ని, ఛాయ ఎన్ని, మాలా-ఎన్ ఎన్ని, కాపర్-టీ ఎన్ని, నిరోధ్ ఎన్ని. లేకపోతే ఎన్ని రోజులనుంచి లేదు. మందుల లెక్కే రాయాలి, మనుషుల పేర్లు మాత్రం ఎక్కడా రాయకూడదు.

రెండు. ఇండెంటు వేసేటప్పుడు స్టాకు లేని రోజులు తీసేసి లెక్క కట్టాలి. తిరిగిపోయినవాళ్లను కూడా పేరు లేకుండా ఒక గీత గీసి లెక్కేసుకోవాలి.

మూడు. చివరి డబ్బా తెరిచిన రోజుకే కొత్త డబ్బా దారిలో ఉండాలి. అయిపోయినాక ఇండెంటు వేయడమంటే, పైరు వాడినాక మోటారు వేయడమే.

నాలుగు. ఒక పీహెచ్‌సీలో గడువు తేదీ దగ్గరపడి మూలుగుతున్న మందు, పక్క పీహెచ్‌సీకి ఆ రోజే పోవాలి. దానికి జిల్లా దాకా ఫైలు నడవకూడదు. ముందు గడువు తీరేది ముందు వాడాలి, ఇది ఏ కొట్టోడికైనా తెలిసిన పద్ధతే.

ఐదు. రేషన్ బియ్యం ఇప్పుడు ఏ ఊళ్లోనైనా, ఏ రాష్ట్రంలోనైనా తీసుకోవచ్చు. అంతర కార్డు ఎందుకు చెల్లదు? "మీరు ఈ ఊరోళ్లు కాదు" అన్న మాట ఇంక వినపడకూడదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప మండలాలన్నిటికీ కోత కూలీల లెక్క వేసి అదనపు స్టాకు పంపాలి. వాళ్లు ఏటా వస్తారు, అదే నెలలో వస్తారు. ఇది తుఫాను కాదు, ముందే తెలియకపోవడానికి.

ఇది సర్కారు చేయాల్సింది. మనం చేయాల్సింది ఇంకా తేలిక.

ముఠా దిగిన రోజే ఏఎన్‌ఎమ్ముకో ఆశమ్మకో కబురు పెట్టండి, మా చేలో ఇంతమంది ఆడవాళ్లు, ఇంతమంది పిల్లలు దిగారని. ఎవరికి ఏం కావాలో మనం అడగొద్దు, అది వాళ్లూ వాళ్లూ మాట్లాడుకుంటారు. నెలకు ఒక పూట కూలి కోయకుండా ఆసుపత్రికి పోనివ్వండి. ఎందుకని అడగొద్దు. క్వింటాకు వచ్చే తేడాతో పోలిస్తే ఆ పూట కూలి మనకు లెక్క కాదు. వాళ్లకు మాత్రం ఏళ్ల లెక్క.

వచ్చే గ్రామసభలో ఒక్కరు లేచి అడగండి: "మన కేంద్రంలో పోయిన ఆరు నెలల్లో అంతర, ఛాయ ఎన్ని రోజులు లేవు?" మగాళ్లే అడగాలి, ఎందుకంటే మనల్ని ఎవరూ చెవులు కొరుక్కుని చూడరు. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద కాగితం పెట్టండి, 30 రోజుల్లో చెప్పి తీరాలి. పది ఊళ్లు పెడితే జిల్లా స్టోరు కదులుద్ది. కాలువ నీళ్లకు పది ఊళ్లు కలిస్తే లాకులు ఎత్తించిన మనకు ఇదేం పెద్ద పని కాదు.

ఈ ఏడు మా చేలో కోతలకు వచ్చే ముఠాకు గుడారాలు వేయకముందే నేను ఆరోగ్య కేంద్రానికి పోయి అడుగుతా, అల్మారా తెరిచి చూపించమని. ఉంటే సంతోషం. లేకపోతే ఎన్ని రోజులనుంచి లేదో ఇక్కడే రాస్తా. మీ ఊళ్లో ఏముందో మీరూ చూసి రాయండి. ఆ రోజు మబ్బు చూసి నేను తీయని బండి, ఈసారి ముందే తీస్తా.